పెద్దాయన పేరు మీద ఉన్నదంతా పెద్దాయనది కాదు: ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి ఆస్తుల పంపకం, పూర్తి కేస్ స్టడీ

1938లో కృష్ణా జిల్లాలో పుట్టి, 1964లో హైదరాబాద్ చేరి, ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసేవారి వద్ద పనిచేసి, తర్వాత ప్లాట్ల మధ్యవర్తిగా, ఆపైన సొంత వెంచర్ల యజమానిగా బతికిన మనిషి. 2024లో 86 ఏళ్లకు పోయారు. భార్య 2016లోనే పోయారు. ఇద్దరు కూతుళ్లు, ఇద్దరు కొడుకులు. పెద్దమ్మాయికి 1983లో పెళ్లయింది. చిన్నమ్మాయికి 1990లో పెళ్లయి, అమెరికాలో స్థిరపడింది. కొడుకులిద్దరూ హైదరాబాద్‌లోనే ఉన్నారు.

ఎవరినీ గుర్తుపట్టే వీల్లేకుండా వివరాలు మార్చాం. ఒకే తరహా ఫైళ్లు కొన్ని కలిపి ఒక్క కుటుంబంగా రాశాం. చట్టం, లెక్క, కాగితాల నడక మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

కుటుంబం తెచ్చిన జాబితాలో తొమ్మిది ఆస్తులున్నాయి, ప్రతిదాని పక్కనా నేటి రేటు వేసి ఉంది. ఉద్యోగి ఇంట్లో అయితే ఆ జాబితాతోనే పని మొదలుపెట్టవచ్చు. రియల్ ఎస్టేట్ చేసిన మనిషి ఇంట్లో కుదరదు. ఆయన ఒక ప్లాటుకు యజమాని, ఇంకోదానికి ఏజెంటు, మరోదానికి ఉమ్మడి కుటుంబ కర్త, వేరొకదానికి డబ్బు తీసుకుని రిజిస్ట్రేషన్ బాకీపడ్డ అమ్మకందారు. అందుకే రేట్ల గడి కొట్టేసి, ఆ చోట "ఏ హోదాలో?" అన్న గడి పెట్టించాం. ఈ కేసులో తేలినవన్నీ ఆ ఒక్క గడిలోంచి తేలినవే.

కాగితాలు ఎక్కడినుంచి తీయాలి

ముందుగా మరణ ధ్రువీకరణ పత్రం కాపీలు కనీసం పది, ఆ తర్వాత తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. ఇవి చేతికొచ్చేదాకా ఏటీఎం కార్డు, లాకరు ముట్టుకోవద్దని నలుగురికీ ఒకేసారి చెప్పాలి. ఒకరికే చెబితే మిగతా ముగ్గురికి అనుమానం వస్తుంది.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే అన్నీ బయటపడతాయనుకోవడం మామూలు పొరపాటు. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే ఉంటుంది. పైగా అది ఆస్తి వివరం ఇస్తే వెతుకుతుంది కానీ మనిషి పేరు ఇస్తే కాదు. అరవై ఏళ్లు ప్లాట్లు కొని అమ్మిన మనిషి విషయంలో పేరు పట్టుకునే వెతకాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్స్‌లు రెండు రకాలు: ఒకటో నంబరు పేర్ల వరుస, రెండో నంబరు ఆస్తుల వరుస. ఆయన తిరిగిన ప్రతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పరిధిలోనూ ఒకటో నంబరు ఇండెక్స్‌లో పేరు చూపించి, దొరికిన ప్రతి దస్తావేజుకూ సర్టిఫైడ్ కాపీ పెట్టించాలి. ఇంటిపేరు ఒకచోట ఒక అక్షరంతో, ఇంకోచోట మరో అక్షరంతో ఉంటుంది. తండ్రి పేరుతో సరిచూసుకోకపోతే ఇతరుల ఆస్తి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

తొమ్మిది ఆస్తుల జాబితా ఈ వెతుకులాట తర్వాత పద్నాలుగు అయింది. హోదా గడి నింపాక నికరంగా ఆయనవని చెప్పదగినవి నాలుగే మిగిలాయి. మిగతావాటిలో కొన్ని ఇతరులవి, కొన్నింట్లో ఆయనకు భాగం మాత్రమే ఉంది.

బావమరిది పేరు మీద 600 గజాలు

1976లో పట్టణ భూ పరిమితి చట్టం వచ్చింది. హైదరాబాద్‌లో ఖాళీ స్థలం 1,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 1,196 గజాలు దాటి ఉండకూడదు. ఆ చట్టంలో భర్త, భార్య, పెళ్లికాని మైనరు పిల్లలు కలిపి ఒకటే లెక్క. భార్య పేరున, పసిపిల్లల పేరున రాయించుకుంటే తప్పించుకోవచ్చని అప్పట్లో చాలామంది అనుకున్నారు కానీ, చట్టం ప్రకారం ఉపయోగం లేదు. అది తెలిసిన పెద్దాయన ఒక 600 గజాల స్థలాన్ని బావమరిది పేరున కొన్నారు. చట్టాన్ని 2008లో రాష్ట్రంలో ఎత్తేశారు. స్థలం మాత్రం బావమరిది పేరునే ఉండిపోయింది.

డబ్బు మనదే, రసీదు మన బీరువాలోనే ఉంది, కేసు వేద్దామని కొడుకులు అడిగారు. బినామీ లావాదేవీల నిషేధ చట్టం 1988 నాటిది. "పేరు ఆయనది, ఆస్తి మాది" అని దావా వేయడానికే ఆ చట్టం వీల్లేకుండా చేసింది. 2016 సవరణ తర్వాత అలా చెప్పుకోవడం జప్తును ఇంటికి పిలుచుకోవడమే. మేనమామ పిల్లలు ఇష్టపడి ఇస్తే తప్ప దారి లేదు. వాళ్లు ఇష్టపడలేదు. జాబితా నుంచి తీసేశాం. ఇలాంటి ఆస్తి మీద ఆశ ఎంత త్వరగా వదిలితే మిగతా పంపకం అంత త్వరగా సాగుతుంది.

భార్య పేరున ఉన్న ఇల్లు

వనస్థలిపురంలో 500 గజాల స్థలం, అందులో ఇల్లు, దస్తావేజు భార్య పేరున. ఆయన తన చివరి విల్లులో (2019) ఇది మొత్తం చిన్నకొడుక్కి రాశారు. రాయగలిగింది మాత్రం ఐదో వంతే. స్త్రీ పేరున ఉన్న ఆస్తి ఆమెదే. విల్లు రాయకుండా పోతే భర్త, కొడుకులు, కూతుళ్లు సమానంగా వారసులు. అంటే 2016లోనే అది ఐదు భాగాలైంది, తలకు 100 గజాలు. ఆయన భాగం 100 గజాలే విల్లు ద్వారా వెళ్తుంది. చిన్నకొడుక్కి మొత్తం 200, మిగతా ముగ్గురికి 100 చొప్పున. భార్య పోయినప్పుడు కాగితం మీద ఏమీ చేయకపోవడం దీనికి మూలం. "అమ్మ పేరున ఉంది, నాన్న ఉన్నారుగా" అని ఊరుకుంటారు. ఇది మనం చూసే ఫైళ్లలో అన్నిటికంటే తరచుగా వచ్చే తప్పు.

ఊళ్లో ఐదెకరాలు

ఇది తాతల నాటి భూమి. అదే విల్లులో పెద్దకొడుక్కి మొత్తం రాశారు, "కూతుళ్లకు పసుపు కుంకుమ కింద ఇచ్చేశాను" అని ఒక వాక్యం కూడా పెట్టారు. 1998లో తెల్లకాగితం మీద తండ్రీ కొడుకులు పంచుకున్నట్టు సంతకాలు కూడా ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు అప్పుడే వచ్చింది, కాబట్టి చిన్నమ్మాయికి ఏ సందేహమూ లేదు. పెద్దమ్మాయికి 1983లోనే పెళ్లయింది కనక రాష్ట్ర చట్టం కింద రాదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ కింద వస్తుంది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న గొడవను కూడా సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తేల్చేసింది: పుట్టుకతోనే హక్కు. పాత పంపకం నిలవాలంటే అది 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైనదో, కోర్టు డిక్రీతో జరిగినదో అయి ఉండాలి. ప్రభుత్వ రికార్డుల్లో ఏ ఆనవాలూ లేని 1998 తెల్లకాగితం నిలవదు. అడంగల్‌లో (ఊరి భూమి రికార్డులో) ఆ తర్వాత కూడా తండ్రి పేరే ఉంది.

లెక్క: తండ్రి, నలుగురు పిల్లలు కలిపి ఐదు భాగాలు, తలా ఎకరం. విల్లు నిలిచినా పెద్దకొడుక్కి అదనంగా వచ్చేది తండ్రి ఎకరమే. విల్లు లేదనుకుంటే ఆ ఎకరం నలుగురికి 25 సెంట్ల చొప్పున పోతుంది. గొడవంతా ఆ 75 సెంట్ల మీదే అని కాగితం మీద గీసి చూపించాక గొంతులు తగ్గాయి. "ఇంత చిన్నదానికా అక్కయ్యా మనం రెండు నెలలు మాట్లాడుకోంది" అన్నాడు పెద్దకొడుకు.

పసుపు కుంకుమ మాటకొస్తే, పెద్దమ్మాయికి పెళ్లప్పుడు ఇచ్చినట్టు చెప్పే 300 గజాల ప్లాటుకూ రిజిస్టర్డ్ దస్తావేజు లేదు. స్థిరాస్తి దానం రిజిస్టర్ అయితేనే దానం. కాబట్టి అది ఇంకా తండ్రిదే, ఆయన సొంత సంపాదనలోనే లెక్క. నలభై ఏళ్లుగా ఆమె పన్ను కడుతున్నా సరే. పంపకంలో ఆ ప్లాటును ఆమె వాటాకే పెట్టడానికి మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు.

రెండు విల్లులు

2009 నాటిది రిజిస్టర్ అయింది, అందరికీ సమానం. 2019 నాటిది తెల్లకాగితం, కొడుకుల వైపు మొగ్గు. రిజిస్టరైనదే గెలుస్తుందని చిన్నమ్మాయి తరఫు వాళ్ల నమ్మకం. విల్లుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, సరిగ్గా రుజువైతే చివరిదే చెల్లుతుంది. రుజువు దగ్గరే చిక్కు. సాక్షులిద్దరిలో ఒకరు చనిపోయారు, రెండోవారు పెద్దకొడుకు భార్య. సాక్షి భర్తకు రాసింది చెల్లదనే నిబంధన భారత వారసత్వ చట్టంలో ఉన్న మాట నిజం, కానీ హిందువుల విల్లులకు అది వర్తించదు. చాలామంది వకీళ్లు కూడా ఇక్కడ పొరబడతారు. చెల్లకుండా పోదు, అనుమానం మాత్రం బలంగా పడుతుంది. 81 ఏళ్ల వయసులో రాసిన విల్లుకు డాక్టరు సర్టిఫికెట్ లేదు, లాభపడే ఇంటి మనిషే మిగిలిన సాక్షి, కూతుళ్లను తప్పించిన కారణం (పసుపు కుంకుమ) కాగితంలో నిలవడం లేదు. విల్లు మీద కోర్టుకెళ్తే ఈ మూడింటికీ జవాబు చెప్పాల్సిన బరువు విల్లు చూపించే కొడుకులదే.

పై రెండు లెక్కలు, అంటే ఇల్లు, ఊరి భూమి ముందు పెట్టి, 2019 విల్లు గెలిచినా దక్కేదెంత, ఓడినా పోయేదెంత అని ఒక్క పేజీలో చూపించాం. నలుగురూ రెండు విల్లుల్నీ పక్కనపెట్టి పంపకం దస్తావేజుకు ఒప్పుకున్నది ఆ పేజీ చూశాకే.

పాసుబుక్కులో మిగిలిన 2 ఎకరాల 4 గుంటలు

హయత్‌నగర్ వైపు 1986లో ఆయన ఐదెకరాలు కొని, పంచాయతీ లేఅవుట్ వేశారు. పాసుబుక్కులో ఆ సర్వే నంబరులో ఇంకా 2 ఎకరాల 4 గుంటలు కనిపిస్తోంది. కుటుంబం జాబితాలో అన్నిటికంటే పెద్ద అంకె దాని పక్కనే ఉంది.

ఐదెకరాలు 24,200 గజాలు. ప్లాట్లు 70, ఒక్కోటి 200 గజాలు, మొత్తం 14,000. మిగిలింది 10,200. గుంటకు 121 గజాల లెక్కన 84 గుంటల చిల్లర, అంటే చిల్లర వదిలితే సరిగ్గా 2 ఎకరాల 4 గుంటలు. లేఅవుట్ ప్లాను తీసి చూస్తే రోడ్లు 7,800 గజాలు, పార్కు 2,400 గజాలు. ప్లాట్ల విస్తీర్ణాన్ని ఎప్పుడో రికార్డులో తగ్గించారు, రోడ్లు, పార్కు మాత్రం పంచాయతీకి రిజిస్టర్డ్ దానపత్రం రాయకపోవడంతో పట్టాదారు పేరునే ఉండిపోయాయి. కాలనీ నడిబొడ్డున తారు రోడ్డు కింద ఉన్న భూమికి రైతుబంధు కూడా పడింది.

దీన్ని అమ్ముకోమని చెప్పే మధ్యవర్తులు ఆ ఇంటికి అప్పటికే వచ్చి వెళ్లారు. పార్కు చూపించి ప్లాట్లు అమ్మాక ఆ పార్కును మళ్లీ అమ్మితే క్రిమినల్ కేసు, పైగా 70 ప్లాట్ల వాళ్లూ ఒక్కటవుతారు. సలహా ఒక్కటే: ఈ భూమికి ఫౌతి (పట్టాదారు పోయాక వారసుల పేరున మార్పు) కోసం దరఖాస్తు పెట్టవద్దు, పాసుబుక్కు వారసుల పేరున మార్పించుకోవద్దు, మున్సిపాలిటీకి దానపత్రం రాసి రికార్డు నుంచి తీయించండి. ప్లాట్లు వేసిన మనిషి పోయిన ప్రతి ఇంట్లోనూ పాసుబుక్కు మిగులును లేఅవుట్ ప్లానుతో కూడి చూడాలి. ఎక్కువగా రోడ్లూ, పార్కులే తేలతాయని చెప్పడానికి గణాంకం అక్కర్లేదు, తీసివేత వస్తే చాలు.

జీపీఏ మీద నడిచిన మూడెకరాలు

1994లో ఒక రైతు నుంచి కొనుగోలు ఒప్పందం, దాంతోపాటు రిజిస్టర్డ్ జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, రైతు తరఫున అమ్మే అధికారం). పూర్తి పైకం ఇచ్చారు, సేల్ డీడ్ మాత్రం రాయించుకోలేదు. స్టాంపు ఖర్చు మిగులుతుందని ఆ రోజుల్లో అందరూ చేసిన పనే. రైతు 2003లో పోయారు. పెద్దాయన 2006లో అదే జీపీఏ మీద రెండు ప్లాట్లు అమ్మారు. జీపీఏ ఇచ్చినవారు పోతే అధికారం పోతుంది, ఏజెంటుకు ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉంటే తప్ప. పైకం మొత్తం ఇచ్చిన ఒప్పందం ఉండడం ఆ మినహాయింపుకు ఆధారం, కానీ జీపీఏలో ఆ ఒప్పందం ఊసే లేదు. రెండు కాగితాలను ఒకదానికొకటి కలిపే ఒక్క వాక్యం రాయకపోవడంతో ఇంత తలనొప్పి. జీపీఏ మీద అమ్మకాలు యాజమాన్యం ఇవ్వవని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో గట్టిగా చెప్పాక బ్యాంకులు ఇలాంటి లింకు చూస్తే అప్పు ఇవ్వడం లేదు.

ఇప్పుడు పెద్దాయన కూడా పోయారు కాబట్టి మిగిలిన మూడు ప్లాట్లను కొడుకులు జీపీఏ హోల్డర్లుగా అమ్మలేరు. ఏజెన్సీ వారసత్వంగా రాదు. దారి: రైతు వారసులందరితో, కూతుళ్లు సహా, ఒకే దస్తావేజు. 2006 నాటి రెండు అమ్మకాలను ఖాయపరచడం, మూడు ప్లాట్లను ఈ నలుగురి పేరున రాయడం. రైతు వారసులు తొమ్మిది మంది. వాళ్లు డబ్బు అడుగుతారు, అడగడంలో తప్పూ లేదు. ఒక ప్లాటు విలువ వాళ్లకు ఇచ్చి రెండు దక్కించుకోవడం దగ్గర బేరం తెగింది. ముగ్గురు కొడుకుల సంతకంతో సరిపెట్టి ఆరుగురు కూతుళ్లను వదిలేస్తే ఇదే సమస్య ఇంకో ఇరవై ఏళ్లకు మళ్లీ వస్తుంది.

చిట్టా పుస్తకం

ఇల్లంతా వెతికితే దొరికిన వాటిలో అన్నిటికంటే విలువైంది ఎర్ర అట్ట చిట్టా. ఒక వరుస ఇలా ఉంది: "ప్లా.నం. 31, 200 గ., గజం 50, నెలకు 250, 40 నెలలు, పైకం ముట్టింది, రిజి. కాలేదు." 1987లో మొదలై 1990 చివరికి కట్టడం పూర్తయిన వాయిదా ప్లాటు. ఇలాంటి వరుసలు ఏడున్నాయి. హయత్‌నగర్ వెంచర్ 70 ప్లాట్లలో 63కే దస్తావేజులు దొరికిన లెక్కకు ఇది జవాబు.

కాలపరిమితి దాటింది కదా, ప్లాట్లు మనవే కదా అని చిన్నకొడుకు ప్రశ్న. ఒప్పందం అమలు చేయించే దావాకు గడువు మూడేళ్లే, అయితే డబ్బు కట్టి స్వాధీనంలో ఉన్న కొనుగోలుదారును ఖాళీ చేయించడం వేరే సంగతి. పాత ఒప్పందాల విషయంలో స్వాధీనానికి ఆస్తి బదిలీ చట్టం 53ఏ కింద రక్షణ ఉంది. ఏడుగురిలో నలుగురు ఇళ్లు కట్టుకున్నారు. దీని మీద మా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్పాం: తండ్రి చేత్తో "ముట్టింది" అని రాసుకున్నాక ఆ ప్లాటు జోలికి పోకూడదు.

రిజిస్టర్ చేయడం కూడా అనుకున్నంత తేలిక కాదు. ఆనాటి 10,000 రూపాయలకు ఈనాడు సేల్ డీడ్ రాస్తే స్టాంపు ఖర్చు నేటి ప్రభుత్వ విలువ మీద పడుతుంది, తెలంగాణలో అన్నీ కలిపి 7.5 శాతం. దాన్ని కొనుగోలుదారే భరించాలి. అంతకంటే పెద్ద గొయ్యి ఆదాయపు పన్నులో ఉంది. అమ్మకం ధర ప్రభుత్వ విలువకంటే బాగా తక్కువైతే, ప్రభుత్వ విలువనే అమ్మకం ధరగా తీసుకుని వారసుల మీద పన్ను వేయవచ్చు, తేడాను కొన్నవారి ఆదాయంగానూ చూడవచ్చు. ఒప్పందం తేదీ విలువ తీసుకునే వెసులుబాటు బ్యాంకు ద్వారా డబ్బు కట్టినవారికే. వాయిదాలు నగదు. అందుకని దస్తావేజులోనే పూర్వాపరాలు రాయాలి: ఒప్పందం తేదీ, ఆఖరి వాయిదా తేదీ, స్వాధీనం అప్పగించిన తేదీ, అప్పటికే బదిలీ పూర్తయిందని, ఇప్పుడు జరిగేది కాగితం పూర్తి చేయడమేనని. రసీదులు, పాత కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు జతపరచాలి. చార్టర్డ్ అకౌంటెంట్ చూడకుండా ఈ దస్తావేజు రాయించవద్దు.

పంపకం, పన్ను, అమెరికా వాటా

నికరంగా మిగిలిన వాటికి ఒకే రిజిస్టర్డ్ పంపకం దస్తావేజు తెలంగాణలో, ఊరి భూమికి విడిగా ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో. స్టాంపు డ్యూటీ అన్నిటికంటే పెద్ద వాటాను వదిలి మిగతా వాటాల విలువ మీద లెక్కిస్తారు కాబట్టి వాటాలను ఎలా పేర్చాలో ముందే లెక్క వేసుకోవాలి.

చిన్నమ్మాయి ఊరి భూమిలో తన ఎకరంపావు అట్టే పెట్టుకుంది. ప్రవాసులు వ్యవసాయ భూమి కొనకూడదు కానీ వారసత్వంగా తీసుకోవచ్చు, అమ్మేటప్పుడు ఇక్కడ నివసించే భారతీయులకే అమ్మాలి. ఆమె పంపిన పవర్ ఆఫ్ అటార్నీ మొదటిసారి పనికిరాలేదు: విదేశంలో రాసిన కాగితానికి ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి, అది దాటిపోయింది. రెండోసారి కాగితం చేరిన వారంలోనే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర పెట్టించాం.

అమ్మదలచుకున్న ఒక ప్లాటు 1979లో కొన్నది. వారసత్వంగా రావడానికి పన్ను లేదు, అమ్మినప్పుడు తండ్రి కొన్న ధరే వారసుల ధర. 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, అది ఆనాటి ప్రభుత్వ విలువను దాటకూడదు. కాబట్టి సబ్ రిజిస్ట్రార్ నుంచి 2001 నాటి విలువ పత్రం తెచ్చుకోవాలి. 2024 జులై 23 మార్పు తర్వాత ఒకే ప్లాటులో అన్నదమ్ములకు ఒక లెక్క, అమెరికా చెల్లెలికి ఒక లెక్క. ఇక్కడ ఉంటున్నవారు 12.5 శాతమో, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ధరల పెరుగుదల మేరకు పెంచి చూసే లెక్కతో) 20 శాతమో ఏది తక్కువైతే అది కట్టవచ్చు, ప్రవాసికి 12.5 శాతమే. కొనేవాళ్లు ఆమె వాటా మొత్తం ధర మీద టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోసేస్తారు, ముందుగా తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంటే లాభం మేరకే పోతుంది. ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాసులు ఇక్కడి ఆదాయం వేసుకునే రూపాయి ఖాతా) నుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. ఇంకో సంగతి, తండ్రి పుస్తకాల్లో ఆ ప్లాటు పెట్టుబడిగా ఉందా, వ్యాపార సరుకుగా ఉందా అన్నది రిటర్న్ వేసే ముందే చూడాలి, లెక్కే మారిపోతుంది.

చిట్టాలోని ఏడుగురిలో ఐదుగురికి దస్తావేజులు అయిపోయాయి. ఇద్దరి జాడ దొరకలేదు. పత్రికల్లో ప్రకటన ఇచ్చాక, ఆ రెండు ప్లాట్లను పంపకం దస్తావేజులో "సి" షెడ్యూలుగా వేరుచేసి, ఎవరి వాటాలోనూ కలపకుండా, కొన్నవారు లేదా వారి వారసులు రసీదుతో వస్తే నలుగురూ సంతకం చేస్తామని రాసుకున్నారు. చిట్టా అసలు ప్రతి పెద్దమ్మాయి దగ్గర ఉంది, నోటరీ చేసిన కాపీ ఒక్కొక్కరి దగ్గరా ఉంది.